కొర్రల మూట మీద సుంకం

చిన్నక్కకు పాస్టరుగారు పెట్టిన పేరు రాహేలమ్మ. ఆ పేరు చర్చి పుస్తకంలో ఉంది, ఓటర్ల జాబితాలో ఉంది, ఆమె నోట మాత్రం లేదు. "ఎవురన్నా రాహేలమ్మా అంటే, పాపం యెవురినో పిలుస్తాండారని నేను గూడా ఎనక్కి తిరిగి సూస్తా" అని నవ్వుతుంది. బెంగుళూరు రోడ్డును ఆనుకొని వారానికొక సంత జరిగే ఒక ఊళ్ళో, క్రైస్తవపేటలో ఆమె ఇల్లు. ఊరి పేరు రాయవద్దని ఆమె కోరింది గనుక రాయడం లేదు.

ఆమె పని రోడ్డుకు కంకర కొట్టడం. ఈతాకుల తడికె నీడలో కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. పాత సైకిలు టైరు ముక్కను చుట్టలా చుట్టి అందులో రాయి నిలుపుతుంది. సుత్తె ఎత్తేముందు ఆ రాయిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూస్తుంది, చూసినంతసేపూ దానితో మాట్లాడుతుంది. "నువ్వు అచ్చం మేస్త్రి మాదిరి ఉండావు, యాడ కొట్టినా పగలవు" అని తిడుతుంది. పగిలిన తర్వాత ఆ రాయినే మెచ్చుకుంటుంది. మేస్త్రితోనైనా, బస్సు కండక్టరుతోనైనా, పాస్టరుగారితోనైనా ఆమె వాదించే పద్ధతి ఒకటే. మొదట నవ్వుతుంది, తర్వాత అడుగుతుంది, జవాబు వచ్చేదాకా కదలదు. ఆదివారం ప్రార్థనలో రాగం తప్పుతుంది గాని గొంతు తగ్గించదు. "దేవునికి రాగం తెలుసులే, నా మాట ఇనపడితే సాలు" అంటుంది.

భర్త ఓబన్న తాడిపత్రి బండల గనిలో కూలి. పండగలకు, పెద్ద జబ్బులకు మాత్రమే ఇంటికి వస్తాడు. వాళ్ళకు మిగిలింది ఒక్కతే కూతురు, రూతమ్మ. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు.

పంతొమ్మిది వందల అరవై అయిదులో వాన మొహం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. పేటలో కొర్రలు, రాగులు అడుగంటి గోదుమలు వచ్చాయి. ఓడల్లో దేశం దాటి వచ్చిన ఆ గోదుమలను కరువు పనుల దగ్గర కూలికి బదులు కొలిచి పోశారు. అంతకు మునుపు ఆ పేటవాళ్ళకు గోదుమ అంటే పెద్దిళ్ళ పూరీ, లేదా ఆస్పత్రి రొట్టె. మా సీమలో ఆరోగ్యవంతులు తినేది జొన్నరొట్టె. బేకరీ రొట్టె జ్వరం వచ్చినవాళ్ళది. మంచం పట్టిన మనిషిని చూడడానికి పోయేవాళ్ళు చేతిలో ఒక బన్నురొట్టె లేకుండా గడప తొక్కరు. అది మెత్తగా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, నమిలే శ్రమ ఉండదు. కాబట్టి అది మందుకు తోడబుట్టినదని అందరి నమ్మకం.

ఆ నమ్మకం రూతమ్మను చావు అంచు దాకా తీసుకుపోయింది. గోదుమ సంకటి మొదలైన కొన్నాళ్ళకు బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. జబ్బు చేసిన బిడ్డ గనుక చుట్టాలు బన్నురొట్టెలు తెచ్చారు. బిడ్డ తిన్నది, జబ్బు ముదిరింది. ముదిరిందని విని మరింతమంది చుట్టాలు మరిన్ని రొట్టెలు తెచ్చారు. తాడిపత్రికి కబురు పోగా, ఓబన్న గని మేస్త్రి దగ్గర ముందుకూలి తీసుకొని బేకరీలో అన్నిటికంటే పెద్ద రొట్టె కొన్నాడు. నలగకుండా తువ్వాలలో చుట్టి, రైలులోనూ బస్సులోనూ ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు. తన చేత్తో పాలలో ముంచి తినిపించాడు. మరునాటికి బిడ్డకు తెలివి తప్పింది.

ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఆ బిడ్డ పొట్ట నొక్కి చూసి, తక్కిన డాక్టర్లెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఈ పిల్ల ఎప్పుడు బాగుండేది? అప్పుడు ఏం తినేది?"

"కొర్రబువ్వ తినేటప్పుడు గుండ్రాయి మాదిరి ఉండేదమ్మా."

"అయితే మళ్ళీ అదే పెట్టు. గోదుమ ఈ పిల్ల పేగులకు పడదు. ఈ యేడు కాదు, ఎప్పటికీ పడదు. రొట్టె వద్దు, రవ్వ వద్దు, ఆ పిండి దుమ్ము కూడా తిండిలో కలవనీయొద్దు."

ఆ మాటే ఒక చీటీ మీద రాసిచ్చింది. ఓబన్న ఆస్పత్రి వాకిట్లో కూలబడి, "నా సేత్తోనే పెడితినే" అని వెక్కివెక్కి ఏడ్చాడు. చిన్నక్క అతని భుజం పట్టి లేపింది. "తెలిసి పెడితివా యేమన్నా? లెయ్. మొగం కడుక్కో. కొర్రలు యాడ దొరుకుతాయో సూద్దాం పా."

కొర్రలు ఊరి సంతలోనే దొరికేవి. కుందుర్పి వైపు నుంచి ఒకరిద్దరు ముసలివాళ్ళు చిన్న చిన్న మూటలు తెచ్చేవారు. శేరు కొర్రలకు రెండు శేర్ల గోదుమలు ఇవ్వాలి. అంటే చిన్నక్క కొట్టిన కంకరలో సగం ఆ మార్పిడిలోనే కరిగిపోయేది. ఆమె దానికి ఏడవలేదు. కొర్రలకని పాత పంచెతో వేరే సంచి కుట్టుకుంది. వారం వారం ఉతికేది. గోదుమలు ముట్టిన చేతితో కొర్రలు ముట్టకుండా ముంతలో నీళ్ళు వెంట తీసుకుపోయేది. ఇంత చేసినా దాటవలసింది ఇంకొకటి ఉంది: సంత గేటు.

ఆ సంతలోకి వచ్చే ప్రతి గింజల మూట మీదా పంచాయతీకి సుంకం ఉంది. దాన్ని వసూలు చేసే హక్కును ఏటా వేలం వేస్తారు. డబ్బు లేనివాళ్ళు మూటకొక సోలెడు గింజలు ఇచ్చుకోవడం ఆచారం. మార్పిడిని రెండు వ్యాపారాలుగా లెక్కగట్టడం మరో ఆచారం: వచ్చేటప్పుడు గోదుమల మీద ఒక సోల, పోయేటప్పుడు కొర్రల మీద ఒక సోల. డాక్టరు చీటీ మీద తెచ్చుకునే మందుకు మాత్రం సుంకం లేదు. ఇందులో ఏ ఒక్క నిబంధనా చూడడానికి క్రూరంగా ఉండదు. అన్నీ కలిసి ఒక జబ్బుబిడ్డ కంచంలో నుంచి రెండు పూటల బువ్వ ఎత్తుకుపోతాయి. ఎత్తుకుపోయింది ఎవరని అడిగితే ప్రతి నిబంధనా పక్కదాన్ని చూపిస్తుంది.

గేటు దగ్గర గుమాస్తా ఈశ్వరప్ప; వేలం ఎవరు పాడుకున్నా గుమాస్తా అతనే. ఇత్తడి సోల చేతబట్టి ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. చెడ్డవాడు కాదు, గీత దాటని మనిషి. సొంత అన్న మూట తెచ్చినా సోల నిండుగా తీసుకునేవాడు. చిన్నక్కకూ అతనికీ ప్రతి సంతకూ ఒక తగాదా ఉండేది. ఆ తగాదా వినడానికి పక్కన బొరుగులమ్మే ముసలామె చేతిపని ఆపేది.

చీటీ వచ్చిన తర్వాతి సంతలో చిన్నక్క కొర్రల సంచి గుండెలకు హత్తుకొని గేటు దగ్గరికి వచ్చింది.

"ఏమే చిన్నక్కా, మూట దించు."

"పొద్దున గోదుమలకు ఇస్తి గదన్నా."

"అది వచ్చినదానికి. ఇది పోయేదానికి."

"ఇది యాపారం కాదన్నా, మందు. ఇదో సీటీ. మందుకు సుంకం లేదని నువ్వే సెప్తివి గదా."

ఈశ్వరప్ప చీటీని రెండుసార్లు చదివాడు. "ఈడ గోదుమ తినగూడదని రాసిండారు. కొర్రలు తినమని యాడ రాసిండారు?"

"గోదుమ తినగూడదంటే కొర్రలు తినమనే గదా?"

"ఏం, రాళ్ళు తినమని గూడా అనుకోవచ్చు. దినామూ కొడతాండావు గదా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నక్క వాళ్ళకంటే గట్టిగా నవ్వింది. "రాళ్ళు నువ్వు తినల్లన్నా. ఇంతమంది సుంకం అరిగించుకున్న కడుపు నీది."

మళ్ళీ నవ్వులు. ఈశ్వరప్పకు కూడా నవ్వు వచ్చింది గాని, చెయ్యి తన పని మానలేదు. అప్పుడే ఒక గోదుమల బస్తాలో ముంచి తీసిన సోలను, పిండి అంటిన చేత్తోనే ఆమె సంచి వైపు చాచాడు. చిన్నక్క సంచి మూతి మీదికి మొత్తం వంగిపోయింది.

"సెయ్యి పెట్టొద్దు!"

బొరుగుల ముసలామె చేతిలో చేట ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో మా ప్రాంతం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ ఊరి హోటల్లో చిన్నక్క పేటవాళ్ళకు గ్లాసు వేరు. ఊరి బావి దగ్గర వాళ్ళ కడవలోకి ఎవరో ఒకరు పైనుంచి నీళ్ళు పోయాలి. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది. ఆ హోటలుకూ ఆ బావికీ ఇంకా కబురు అందలేదు. ముట్టవద్దు అనే మాటను తరతరాలుగా ఆ పేటవాళ్ళు విన్నారు. ఆ పేట ఆడమనిషి ఒకతె ఊరి మనిషితో, నలుగురిలో, ఆ మాట తాను అనడం సంతలో ఎవరూ ఎరగరు.

ఈశ్వరప్ప మొహం నల్లబడింది. "నా సెయ్యి నీకు మైలా?"

"మైల కాదన్నా. గోదుమ."

ఆ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మొదటి మాట మాత్రం సాయంత్రంలోపు ఊరంతా తిరిగింది. అవమానం చేసినందుకు చిన్నక్క దండుగ కట్టాలని, అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని ఈశ్వరప్ప పంచాయతీలో ఫిర్యాదు చేశాడు. తన కొర్రలకు సుంకం తీసేయాలని చిన్నక్క అదే పంచాయతీలో అడిగింది.

పంచాయతీ కచేరీ అరుగు మీద ప్రెసిడెంటు కొండప్ప, పక్కన కిరాణా కొట్టు ఆదెప్ప, మరికొందరు సభ్యులు కూర్చున్నారు. చిన్నక్క అరుగు కింద నిలబడింది. రూతమ్మ ఆమె చీరకొంగు పట్టుకొని నేల మీద కూర్చుంది. కొర్రబువ్వ పడిన తర్వాత విరేచనాలు ఆగాయి, పొట్ట తగ్గింది; ఒంటికి కండ ఇంకా పట్టలేదు.

చిన్నక్క చెప్పవలసింది చెప్పింది. డాక్టరమ్మ మాట చెప్పింది, ఓబన్న తెచ్చిన రొట్టె సంగతి చెప్పింది. ఆదెప్పకు నమ్మకం కుదరలేదు.

"గోదుమ తింటే రోగం వస్తాదా? ఆ అమెరికావోళ్ళు అంతంత పొడుగు యేం తిని పెరిగినారు? మా యింట్లో జొరమొస్తే మేము పెట్టేదే రొట్టె."

"నీ బిడ్డకు పడతాది ఆదెప్పన్నా, పెట్టు. నా బిడ్డకు పడదు."

"పడదని నువ్వంటాండావు. రేపు ఇంగొకామె వచ్చి మా వానికి సుంకమిచ్చిన బియ్యం పడదంటే?"

నవ్వులు. కొండప్ప నవ్వలేదు. అతను న్యాయంగా ఉండాలనుకునే మనిషి; ఆ కోరికే ఆ రోజు అతన్ని తప్పుదారి పట్టించింది. "ఆదెప్ప అనేదాంట్లో ఒక మాట ఉండాది సిన్నక్కా. సాక్ష్యం కావల్ల. ఇప్పుడు మా అందరి ముందర బిడ్డకు ఒక రొట్టె పెడదాం. రేపటికి జబ్బు చేస్తే సుంకం మాఫీ. చెయ్యకుంటే దండుగ కట్టు. సరేనా?"

అందరూ ఇది బాగుందన్నారు. ఆదెప్ప ఇంటికి మనిషిని పంపి, నూనె వేసి కాల్చిన చపాతీ ఒకటి విస్తరాకులో తెప్పించి బిడ్డ ముందు పెట్టించాడు. అది వేడిగా ఉంది, వాసన వస్తూంది. కరువు రోజుల బిడ్డ. రూతమ్మ చెయ్యి చాచింది.

సాక్ష్య చట్టాన్ని ఎంతోమంది ఎన్నో విధాల వంచడం చూశాం. హత్యను రుజువు చేయడానికి మళ్ళీ హత్య చేసి చూపమన్న న్యాయస్థానం మాత్రం ఎక్కడా లేదు. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళు రాక్షసులు కారు, బిడ్డలున్న తండ్రులు. తాము అడుగుతున్నది సాక్ష్యం కాదనీ, ఆ బిడ్డ ప్రాణమేననీ వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

చిన్నక్క బిడ్డ చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకుంది. ఆమె నవ్వలేదు, అడగలేదు. తనకు తెలిసిన వాదన పద్ధతి మొత్తం వదిలేసింది.

"దండుగ కడతా కొండప్పన్నా. ఈశ్వరప్పన్నను అవమానం సేసినానని అందరి ముందర ఒప్పుకుంటా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. మూటకు రెండు సోలలు అడిగినా ఇస్తా. ఆ రొట్టె మాత్రం ఎత్తేయండప్పా. బిడ్డ సూస్తాంది."

ఫిర్యాదు చేసిన ఈశ్వరప్ప లేచి, వంగి, విస్తరాకు మడిచి చేతిలోకి తీసుకున్నాడు.

"పెద్దాయనా, నా ఫిర్యాదు ఎనక్కి తీసుకుంటాండా."

"అదేమప్పా?"

"ఈయమ్మ ఇన్నేండ్లుగా ఒక్క గింజ ఊరికే ఇచ్చింది లేదు. సోల మీద నాలుగు గింజలు ఎక్కువ నిలబడితే నాతో అరగంట కొట్లాడి గీకించేది. ఈ పొద్దు అడగకుండానే రెండు సోలలు ఇస్తానంటాంది. ఇంగ నాకు డాక్టరు సీటీ అక్కర్లేదు."

ఏమే అని పిలిచే నోట ఈయమ్మ అన్న మాట వచ్చినట్టు అతనే గమనించలేదు. కొండప్ప తీర్మానం రాయించాడు: చిన్నక్క కొర్రల మూటకు, బిడ్డకు నయమయ్యేవరకు, సుంకం లేదు. బెల్లమో చింతపండో దాచి దాటిస్తుందేమోనని ఆదెప్ప పట్టుబట్టడం వల్ల, ప్రతి మూటనూ గుమాస్తా చేత్తో కలియబెట్టి తనిఖీ చేయాలని ఒక షరతు చేర్చారు.

ఆ తీర్మానంలో రెండు లోపాలున్నాయి. నయం కాని జబ్బుకు నయమయ్యేవరకని గడువు పెట్టడం ఒకటి. ఏ చెయ్యి మూటలో పడకూడదని ఆమె పోరాడిందో, ఆ చెయ్యే పడాలని ఆజ్ఞాపించడం రెండోది. రెండోదాని సంగతి మరుసటి సంతలోనే తేలవలసి వచ్చింది.

ఆ సంతకు మామూలుకంటే ఎక్కువమంది గేటు దగ్గర నిలబడ్డారు. చిన్నక్క సంచి దించింది. మూతి విప్పలేదు.

"తనిఖీ సెయ్యన్నా. సెయ్యి కడుక్కోని సెయ్యి."

ఈశ్వరప్ప అటూ ఇటూ చూశాడు. గేటు దగ్గర నీళ్ళు లేవు. ఉన్నవి ఆమె ముంతలోనే. ఆమె చేతి నీళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ తీసుకోరని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు, నిలబడి చూస్తున్నవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. కడుక్కోకపోతే ఆమె మూట విప్పదు. విప్పకపోతే తనిఖీ లేదు. తనిఖీ లేకపోతే మాఫీ లేదు.

అతను సోల పక్కన పెట్టి, రెండు చేతులూ చాపాడు. "పొయ్యి."

చిన్నక్క పోసింది. మోచేతుల దాకా కడుక్కున్నాడు. గుంపులో ఎవడో అన్నాడు: "ఏమప్పా ఈశ్వరప్పా, ఇంటికి పోయి తలకు గూడా పోసుకుంటావా?"

"పోసుకుంటాలే. ముందర నీ బస్తా విప్పు, అడుగుదాకా సూస్తా. ఆడనే నిలబడు!"

ఆ మనిషి బస్తాలో ఏముందో గాని, బస్తాతో సహా వెనక్కి జరిగాడు. ఈశ్వరప్ప తడి చేతులు గాలికి ఆరబెట్టుకొని, కొర్రలు కలియబెట్టి, సంచి మూతి తానే కట్టి ఇచ్చాడు.

అరవై ఎనిమిదికి రూతమ్మ బుగ్గలు నిండాయి, జడ పెరిగింది. మొదటి లోపం అప్పుడు బయటపడింది. ఆ ఏడు గేటు వేలం చౌడప్ప అనే కొత్త మనిషి పాడుకున్నాడు. పాత మాఫీలన్నీ తానే చూసి తేలుస్తానని, బిడ్డను తీసుకురమ్మని చిన్నక్కకు కబురు పెట్టాడు. పక్కింటి కదిరమ్మ మేలుకోరే సలహా ఇచ్చింది. "తలకు నూనె పెట్టొద్దే. పాత పావడ ఏయి. గేటు కాడ రెండు సార్లు దగ్గమను. బాగలేదనుకుంటాడు."

సాయాన్ని ఇలా నిర్మించినవాళ్ళ మీద నాకు పట్టరాని కోపం. సాయం ఎంత బాగా పనిచేస్తే, సాయానికి అర్హత అంత తగ్గిపోతుంది. బిడ్డను బతికించుకున్న తల్లి, బతికించుకున్నందుకే ముద్దాయిలా నిలబడాలి; ఆ బిడ్డ చావుకు దగ్గరగా ఉన్నట్టు నటించాలి. దీన్ని మాఫీ అంటారు. హక్కు అనరు.

చిన్నక్క కదిరమ్మ సలహా విన్నది, పాటించలేదు. రూతమ్మకు తలంటి, నూనె పెట్టి, రెండు జడలు వేసి, క్రిస్మస్సుకు కుట్టించిన పావడ కట్టి, కనకాంబరాలు పెట్టింది. "బాగుండే బిడ్డను బాగలేదని నా నోటితో యెట్ల సెప్పేది? ఇద్దరిని పోగొట్టుకున్నదాన్ని" అని మాత్రం అంది.

గేటు దగ్గర చౌడప్ప కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకొని బిడ్డను ఎగాదిగా చూశాడు.

"ఈ బిడ్డకేనా మాఫీ? బుగ్గలు బూరెల మాదిరి ఉండాయి. నయమైపోయింది గదా."

చిన్నక్క నోరు తెరిచేలోగా ఈశ్వరప్ప ముక్కాలిపీట మీది నుంచి లేచాడు.

"చౌడప్పన్నా, నీకిప్పుడు కండ్లు బాగా కనపడతాండాయా?"

"కనపడకేం? దూరంగా వచ్చే బస్సు మీది అచ్చరాలు గూడా కనపడతాండాయి."

"అయితే నయమైపోయింది. అద్దాలు ఇట్లియ్యి." నిజంగానే చెయ్యి చాచాడు.

చౌడప్ప రెండు చేతులా అద్దాలు పట్టుకొని వెనక్కి జరిగాడు. బొరుగుల ముసలామె పకపక నవ్వింది. కాసేపటికి చౌడప్పకూ నవ్వాగలేదు.

"సరే సరే, అర్థమైంది. పోవమ్మా, తీసకపో నీ మూట."

చిన్నక్క కదలలేదు. "తనిఖీ సెయ్యకుండా యెట్ల పోయేదన్నా? రేపు ఎవురన్నా లోపల బెల్లముందంటే? కొత్తగా పాడుకున్నోడివి, నువ్వే సూడు."

"సూస్తాలే, విప్పు."

"విప్పుతా. నువ్వు పొద్దున్నుంచి గోదుమల బస్తాలు ముట్టినావు." ముంత ఎత్తి పట్టుకొని నిలబడింది.

చౌడప్ప ఈశ్వరప్ప వైపు చూశాడు. ఈశ్వరప్ప తన పీట మీద కూర్చొని, తన సోల తాను తుడుచుకుంటున్నాడు. చౌడప్ప చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ముంత కింద దోసిలి పట్టాడు.